నేపాల్ జనయుద్ధం, యుద్ధ నియమాలు, బ్యాలెట్ పెట్టె: తరచుగా అడిగే ప్రశ్నలు

నేపాల్‌లో 1996 ఫిబ్రవరి 13న మొదలైన మావోయిస్టుల జనయుద్ధం 2006 నవంబరు 21న సమగ్ర శాంతి ఒప్పందంతో ముగిసింది. పదేళ్లలో 13 వేల మందికి పైగా చనిపోయారు. ప్రభుత్వం తర్వాత వేసిన లెక్కల్లో ఆ సంఖ్య 17 వేల దాకా వెళ్లింది. సుమారు 1,300 మంది ఏమయ్యారో ఇంట్లోవాళ్లకు నేటికీ తెలియదు. యుద్ధం చేసిన పార్టీ మాత్రం పదిహేడు నెలల్లోనే ఎన్నికల్లో నిలబడి అన్ని పార్టీలకన్నా ఎక్కువ సీట్లు గెలిచింది. అడవి నుంచి అసెంబ్లీకి సాగిన ఆ దారిలో ఏ నియమం పనిచేసింది, ఏది కాగితానికే పరిమితమైంది, ఎందుకు అన్నవి పాఠకులు తరచూ అడిగే ప్రశ్నలు. వాటికి జవాబులివి.

గెరిల్లా యుద్ధానికి కూడా నియమాలుంటాయా?

ఉంటాయి. 1949 నాటి జెనీవా ఒప్పందాలు నాలుగు. నాలుగింటిలోనూ 3వ అధికరణం ఒకేలా ఉంటుంది కాబట్టి దాన్ని ఉమ్మడి 3వ అధికరణం అంటారు. రెండు దేశాల మధ్య కాకుండా ఒకే దేశం లోపల జరిగే సాయుధ ఘర్షణకు వర్తించేది ఇదే. పోరులో లేని పౌరుడికి, ఆయుధం కింద పెట్టినవాడికి, గాయపడి లేదా జబ్బుపడి పడిపోయినవాడికి, పట్టుబడినవాడికి ఇది రక్ష. వాళ్లను చంపకూడదు, హింసించకూడదు. బందీలుగా పెట్టుకుని బేరం ఆడకూడదు. అవమానకరంగా చూడకూడదు. సరైన న్యాయస్థానం విచారించకుండా శిక్ష వేయకూడదు, ఉరి తీయకూడదు. గాయపడ్డవాడు ఏ పక్షంవాడైనా వెతికి తెచ్చి వైద్యం చేయించాలి.

నేపాల్ 1964లో ఈ ఒప్పందాల్లో చేరింది. అంతర్యుద్ధాల కోసమే 1977లో రాసిన రెండో అదనపు ప్రోటోకాల్‌లో మాత్రం చేరలేదు. మన దేశం కూడా చేరలేదు. అలాంటి చోట్ల ఉమ్మడి 3వ అధికరణంతోపాటు ఆచారబద్ధ చట్టం, అంటే దేశాలన్నీ కట్టుబడి వస్తున్న పద్ధతులు వర్తిస్తాయి. రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ 2005లో వీటిని 161 నియమాలుగా క్రోడీకరించింది. వాటిలో ఎక్కువ భాగం అంతర్గత యుద్ధాలకూ వర్తిస్తాయి.

సంతకం పెట్టింది ప్రభుత్వం. తిరుగుబాటు దళానికి ఇవి ఎలా వర్తిస్తాయి?

అధికరణంలో ఉన్న మాట "ఘర్షణలో ఉన్న ప్రతి పక్షమూ". సంతకం ఎవరిదన్న ప్రశ్నే అక్కడ లేదు. రాజ్యాన్ని గుర్తించనన్న దళానికి కూడా పట్టుబడ్డ కానిస్టేబుల్‌ను కాల్చే హక్కు రాదు. అవతలివాళ్లు నియమం తప్పారు కాబట్టి మేమూ తప్పుతామన్న వాదన కూడా ఇక్కడ చెల్లదు.

దీన్ని ఒప్పుకుంటే తిరుగుబాటుదార్లకు గుర్తింపు ఇచ్చినట్టవుతుందేమోనని ప్రభుత్వాలు భయపడతాయి. ఆ భయం పోగొట్టడానికే అదే అధికరణం చివర ఒక వాక్యం పెట్టారు: దీని అమలు వల్ల ఏ పక్షానికీ చట్టపరమైన హోదా మారదు. ప్రభుత్వాలు ఆ చివరి వాక్యం చదవకుండా ఎన్ని ప్రాణాలు పోగొట్టాయో లెక్కే లేదు.

"ఇది శాంతిభద్రతల సమస్య, యుద్ధం కాదు" అని ప్రభుత్వం అంటే?

ప్రభుత్వం పెట్టిన పేరుతో పని లేదు, నేల మీద ఏం జరుగుతోందన్నదే కొలమానం. పూర్వ యుగొస్లావియా నేరాల ట్రిబ్యునల్ 1995లో టాడిచ్ కేసులో చెప్పినప్పటి నుంచి రెండు పరీక్షలు వాడుతున్నారు. హింస తీవ్రంగా, చాలాకాలంగా సాగుతోందా? అవతలి దళానికి కమాండ్, క్రమశిక్షణ, నిర్మాణం ఉన్నాయా?

నేపాల్‌లో మొదటి ఐదేళ్లూ పోలీసులే పోరాడారు. 2001 నవంబరు 23న మావోయిస్టులు కాల్పుల విరమణ తెంచుకుని డాంగ్ జిల్లాలో సైనిక బ్యారక్ మీద పడ్డారు. మూడు రోజులకు ఎమర్జెన్సీ వచ్చింది, సైన్యం రంగంలోకి దిగింది. ఆ తర్వాత రెండు పరీక్షల విషయంలో అనుమానానికి చోటే లేదు. ప్రభుత్వం మాత్రం ఉగ్రవాద, విధ్వంసక కార్యకలాపాల ఆర్డినెన్సుతో నడిపించింది. విచారణ లేకుండా 90 రోజులు నిర్బంధించే అధికారాన్ని 2004లో ఏడాది దాకా పెంచింది.

ఆ గీతకు కింద ఉండే అల్లర్లు, నిరసనలు యుద్ధం కావు, వాటికి యుద్ధ నియమాలు వర్తించవు. 2025 సెప్టెంబరు 8న నేపాల్‌లో యువత వీధుల్లోకి వచ్చినప్పుడు కాల్పుల్లో ఒక్కరోజే 19 మంది చనిపోయారు. అక్కడ చూడాల్సింది మానవ హక్కుల చట్టాన్ని, 1990 నాటి ఐక్యరాజ్యసమితి బలప్రయోగ సూత్రాలను. ప్రాణాపాయాన్ని తప్పించడానికి వేరే దారే లేనప్పుడు తప్ప ప్రాణం తీసేలా కాల్చకూడదు. యుద్ధంలో ఎదుటి సాయుధుడిని చూడగానే కాల్చవచ్చు, వీధిలో నిరసనకారుడిని కాల్చకూడదు. ఈ రెండూ కలిపేస్తే నష్టపోయేది పౌరుడే.

పట్టుబడ్డ గెరిల్లా యుద్ధఖైదీయేనా?

కాదు. యుద్ధఖైదీ హోదా దేశాల మధ్య యుద్ధంలోనే ఉంటుంది. అంతర్గత యుద్ధంలో పట్టుబడ్డవాడిని ఆయుధం పట్టాడన్న నేరం మీదే దేశీయ చట్టం కింద విచారించవచ్చు. విచారించవచ్చు, అంతే! కొట్టి చంపడానికి, మాయం చేయడానికి హక్కు లేదు.

2003 ఆగస్టు 17న రామేఛాప్ జిల్లా దోరంబాలో జరిగింది ఇదే. ఒక ఇంట్లో ఉన్న మావోయిస్టులను సైన్యం పట్టుకుంది, నడిపించుకుంటూ తీసుకెళ్లింది, దారిలో కాల్చి చంపింది. ఎదురుకాల్పులని ప్రకటించింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ దర్యాప్తులో చేతులు కట్టేసి దగ్గర నుంచి కాల్చినట్టు తేలింది. ఆ రోజే అటు ప్రభుత్వ, మావోయిస్టు ప్రతినిధులు మూడో విడత చర్చలకు కూర్చున్నారు. పది రోజులకే కాల్పుల విరమణ కూలిపోయింది. దానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి, రాజ్యాంగ సభ విషయంలో రాజీ కుదరకపోవడం వాటిలో పెద్దది. అయినా చర్చలు నడుస్తుండగా ఖైదీలను చంపిన పక్షం మాటను అవతలివాడు మళ్లీ ఎలా నమ్ముతాడు?

సైనికులున్న ప్రయాణికుల బస్సును పేల్చడం యుద్ధనీతి ప్రకారం సరేనా?

సరి కాదు. 2005 జూన్ 6న చిత్వన్ జిల్లా మాడీ లోయలో, బాందర్‌ముఢే వాగు దగ్గర, కిక్కిరిసిన బస్సు కింద మావోయిస్టులు మందుపాతర పేల్చారు. 35 మందికి పైగా చనిపోయారు. దాదాపు అందరూ పౌరులే. బస్సులో కొందరు సైనికులు కూడా ప్రయాణిస్తున్నారు, మావోయిస్టుల గురి వాళ్ల మీద.

చట్టం ఇక్కడ వరుసగా మూడు ప్రశ్నలు అడుగుతుంది. మొదటిది, గురి ఎవరు? సైనికుడు గురి కావచ్చు, ప్రయాణికుడు కాకూడదు. రెండోది, పౌరులకు జరగబోయే నష్టం దక్కే సైనిక ప్రయోజనాన్ని మించిపోతుందా? పదిమంది సైనికుల కోసం బస్సు నిండా జనాన్ని చంపడం ఏ కొలతకూ నిలవదు. మూడోది, నష్టం తప్పించడానికి ఏం జాగ్రత్త తీసుకున్నారు? వైరు పట్టుకుని పొంచి కూర్చున్నవాడి కళ్ల ముందే బస్సు వస్తోంది, బస్సు టాపు మీద కూడా మనుషులున్నారు. నొక్కకుండా వదిలేసే అవకాశం అతడి చేతిలోనే ఉంది.

జాగ్రత్త బాధ్యత సైన్యానికీ ఉంది. పౌరుల బస్సుల్లో సైనికులను తరలించడమంటే పౌరులను ప్రమాదంలోకి లాగడమే. అయినా ఒక పక్షం తప్పు రెండో పక్షం నేరాన్ని మాఫీ చేయదు. మావోయిస్టు నాయకత్వం అది పొరపాటని బహిరంగంగా ఒప్పుకుంది. మాడీ బాధితులకు ఆ ఒప్పుకోలు తప్ప న్యాయస్థానంలో తీర్పు దక్కలేదు.

ఊళ్లో జనానికి తుపాకులిచ్చి రక్షణ దళాలు పెట్టడం తప్పా?

చాలా ప్రమాదం. ఆయుధం పట్టి పోరులో దిగినంతసేపు పౌరుడికుండే రక్షణ పోతుంది. పైగా ఊరు ఊరంతా అనుమానంలో పడుతుంది. 2005 ఫిబ్రవరిలో కపిలవస్తు జిల్లాలో ఇలాంటి ప్రతీకార దళాలు మావోయిస్టులన్న అనుమానంతో వందల ఇళ్లు తగలబెట్టాయి, మనుషులను చంపాయి. మన దగ్గర ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం పేరుతో జరిగింది కూడా ఈ కోవలోదే. 2011 జులై 5న సుప్రీంకోర్టు ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా పోరులోకి దించడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది.

నియమాలను పాటించేలా చేసిందెవరు?

కొంతవరకు, అక్కడ నిలబడి చూసిన బయటివాళ్లు. 2005 ఫిబ్రవరి 1న రాజు జ్ఞానేంద్ర అధికారమంతా చేతిలోకి తీసుకున్నాక విదేశాల ఒత్తిడి పెరిగింది. ఏప్రిల్‌లో జెనీవాలో ఒప్పందం కుదిరి, ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం నేపాల్‌లో తెరుచుకుంది. ముందు చెప్పకుండా బ్యారక్‌లోకి వెళ్లే హక్కు, నిర్బంధితుడితో ఏకాంతంగా మాట్లాడే హక్కు, మావోయిస్టుల ప్రాంతాల్లోకి వెళ్లే హక్కు ఆ కార్యాలయానికి ఉండేవి. అది 2006 మేలో వెలువరించిన నివేదిక ఖాట్మండూ నడిబొడ్డున మహారాజ్‌గంజ్‌లోని భైరవనాథ్ బెటాలియన్ బ్యారక్‌లో 2003లో బంధించిన 49 మంది అదృశ్యాన్ని బయటపెట్టింది. రాజధానిలో, జనం రోజూ నడిచే రోడ్డు పక్కన గోడ లోపల అది జరిగింది.

అసలు యుద్ధం ఎందుకు ఆగింది? ఎవరు గెలిచారు?

ఎవరూ గెలవలేదు కాబట్టే ఆగింది. పల్లెలు మావోయిస్టులవి, జిల్లా కేంద్రాలు సైన్యానివి. ఎవరికి వారు రెండోవాళ్లను ఓడించలేమని గ్రహించారు. రాజు పార్లమెంటరీ పార్టీలను కూడా తోసేయడంతో, నిన్నటిదాకా మావోయిస్టులతో కొట్లాడిన ఏడు పార్టీలకు వాళ్లు కావలసివచ్చారు. 2005 నవంబరు 22న ఢిల్లీలో 12 అంశాల అవగాహన కుదిరింది. పార్టీలు రాజ్యాంగ సభకు ఒప్పుకున్నాయి, మావోయిస్టులు బహుళ పార్టీ పోటీకి ఒప్పుకున్నారు. 2006 ఏప్రిల్‌లో 19 రోజుల జనాందోళన జరిగింది, 24న రాజు పార్లమెంటును పునరుద్ధరించాడు. నవంబరు 21న ప్రధాని గిరిజా ప్రసాద్ కొయిరాలా, మావోయిస్టు నాయకుడు ప్రచండ సమగ్ర శాంతి ఒప్పందం మీద సంతకాలు చేశారు.

"ఆయుధాలు అప్పగించారు" అంటారు. నిజంగా అప్పగించారా?

లేదు. అప్పగించలేదు, తాళం వేశారు. శాంతి ప్రక్రియ మొత్తంలో మనం బాగా నేర్చుకోవలసింది ఈ భాగమే.

ఆయుధాలు ఇచ్చేయమంటే లొంగిపోయినట్టని గెరిల్లాలు ఒప్పుకోరు. తుపాకులతో ఎన్నికల్లో తిరుగుతామంటే పార్టీలు ఒప్పుకోవు. మధ్యే మార్గంగా 7 ప్రధాన శిబిరాలు, ఒక్కోదానికి 3 చొప్పున 21 ఉప శిబిరాలు కట్టారు. ఇలాం జిల్లా చులాచులి, చిత్వన్ జిల్లా శక్తిఖోర్ వంటివి ప్రధాన శిబిరాలు. లడాకులు, అంటే మావోయిస్టు సైనికులు, అక్కడికి చేరారు. ప్రతి ఆయుధం నంబరు రాసుకుని, ఓడల్లో సరుకు వేసే పెద్ద ఇనుప కంటైనర్లలో అరలు కట్టి పెట్టారు. బయట తాళం. తాళంచెవి మావోయిస్టు కమాండర్ జేబులో! అయితే తలుపు తీస్తే సైరన్ మోగుతుంది, చుట్టూ ఫ్లడ్ లైట్లు, కెమెరా, పక్కనే ఐక్యరాజ్యసమితి పరిశీలకుడు. పరిశీలకుల దగ్గర ఆయుధం ఉండదు. వాళ్లు గరిష్ఠంగా 186 మంది. తాళం తీయకుండా ఆపే బలం ఎవరికీ లేదు, తీస్తే ప్రపంచమంతటికీ తెలుస్తుంది. అదే కాపలా.

శిబిరం కాపలాకు ప్రధాన శిబిరంలో 30, ఉప శిబిరంలో 15 తుపాకులు ఉంచుకోవచ్చని ఒప్పందంలో రాశారు. నమోదైన మావోయిస్టు ఆయుధాలు 3,475. గౌరవం విషయంలో తేడా రాకుండా నేపాల్ సైన్యం కూడా మావోయిస్టులు కంటైనర్లలో పెట్టినన్ని ఆయుధాలు తాళంలో పెట్టింది, బ్యారక్‌లకు పరిమితమైంది. పరిశీలకులు వచ్చేదాకా ఖాళీ రాకూడదని, భారత, బ్రిటన్ సైన్యాల్లో చేసి రిటైరైన నేపాలీ గూర్ఖాలను వందకు పైగా తాత్కాలికంగా కాపలా పెట్టారు. ఎవరికి తట్టిందో గానీ, మంచి ఆలోచన.

ఏం తప్పింది? శిబిరాలు సిద్ధం కాకుండానే మనుషులు వచ్చేశారు. గుడారాలు, నీళ్లు, తిండి ఖర్చు దగ్గర గొడవలయ్యాయి. కొందరు చురుకైన కమాండర్లను పార్టీ శిబిరాల నుంచి తప్పించి తన యువజన దళమైన వైసీఎల్‌లో పెట్టింది. బెదిరింపుల మీద ఫిర్యాదులన్నీ అక్కడి నుంచే మొదలయ్యాయి. ఏడాదిలోపు అవుతుందనుకున్న పర్యవేక్షణ 2011 జనవరి 15 దాకా సాగింది.

లడాకులు ఎంతమందో ఎలా తేల్చారు?

రెండు దశల్లో. 2007 ఆరంభంలో నమోదు చేస్తే 32,250 మంది తేలారు. తర్వాత ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు: ఎప్పుడు చేరావు, ఏ దళం, కమాండర్ ఎవరు, పుట్టింది ఎప్పుడు. తేదీ గీత 2006 మే 25. ఆ తర్వాత చేరినవాళ్లు లెక్కలోకి రారు. ఆ రోజుకు 18 నిండనివాళ్లు, అంటే 1988 మే 25 తర్వాత పుట్టినవాళ్లు కూడా రారు. కొండ ఊళ్లలో జనన పత్రం అరుదు, పుట్టిన ఏడు విక్రమ సంవత్‌లో చెబుతారు. అందుకే 2045 జ్యేష్ఠానికి ముందా తర్వాతా అన్నది ఒక మనిషి భవిష్యత్తును తేల్చేసింది.

రెండో దశకు 8,640 మంది హాజరే కాలేదు. 4,008 మంది అనర్హులయ్యారు: 2,973 మంది మైనర్లు, 1,035 మంది ఆలస్యంగా చేరినవాళ్లు. మిగిలింది 19,602. వీళ్లలో 3,846 మంది మహిళలు, దాదాపు ఐదింట ఒకరు.

ఆ సంఖ్య పెంచినదేనా అంటే, 2009 మేలో ఒక వీడియో బయటికొచ్చింది. శక్తిఖోర్ శిబిరంలో 2008 జనవరిలో ప్రచండ తన దళాలతో మాట్లాడుతూ, అసలు ఉన్నది ఏడెనిమిది వేలేనని, లెక్క పెంచి చూపామని అన్నాడు. మనిషిని చూసి ప్రశ్నించే తనిఖీ అబద్ధాన్ని తగ్గించగలదు గానీ, అందరూ ఒకే మాట మీద ఉంటే పూర్తిగా పట్టుకోలేదు.

మైనర్లు ఏమయ్యారు?

ఇది మనసు కలచివేసే అధ్యాయం. 15 ఏళ్లలోపు పిల్లలను దళంలో చేర్చుకోవడం యుద్ధనేరం. బాలల హక్కుల ఒప్పందానికి 2000లో చేర్చిన ఐచ్ఛిక ప్రోటోకాల్ ప్రకారం తిరుగుబాటు దళాలు 18 లోపువాళ్లను అసలు తీసుకోకూడదు. 2007 చివరికే తేలిన ఆ 2,973 మందిని వెంటనే ఇళ్లకు పంపాలి. పంపింది 2010 జనవరి, ఫిబ్రవరి నెలల్లో. అప్పటికి వాళ్లలో చాలామంది పెద్దవాళ్లైపోయారు, కొందరికి శిబిరంలోనే పెళ్లిళ్లయ్యాయి.

పంపేటప్పుడు వాడిన నేపాలీ మాట "అయోగ్య", అంటే అనర్హులు. పదిహేనేళ్లకు తుపాకీ ఇచ్చినప్పుడు యోగ్యుడు, ఇంటికి పంపేటప్పుడు అయోగ్యుడా? చాలామంది ఈ ప్రశ్నే వేశారు. చేతికి పెద్ద నగదు రాలేదు. ఐక్యరాజ్యసమితి సంస్థలు చదువు, వృత్తి శిక్షణ, చిన్న వ్యాపారం వంటి ఎంపికలు ఇచ్చాయి. తర్వాతి ఏళ్లలో అర్హులైన పెద్దలకు లక్షలు అందడం చూసి వీళ్లు రోడ్డెక్కారు.

సైన్యంలో కలిపింది ఎంతమందిని?

సుమారు 1,400 మందిని. 2011 నవంబరు 1 నాటి ఏడు అంశాల ఒప్పందంలో 6,500 దాకా కలపవచ్చని రాశారు. పోరాట దళంలోకి కాదు, అడవుల రక్షణ, విపత్తు సాయం, అభివృద్ధి పనులు, పరిశ్రమల భద్రత చూసే కొత్త డైరెక్టరేట్‌లోకి. మిగతావాళ్లకు రెండు దారులు: హోదాను బట్టి 5 నుంచి 8 లక్షల నేపాలీ రూపాయలు తీసుకుని వెళ్లిపోవడం, లేదా శిక్షణతో కూడిన పునరావాసం. పునరావాసం ఎంచుకున్నది ఆరుగురే! ఐదేళ్లు గుడారాల్లో ఎదురుచూసినవాడు శిక్షణ హామీని నమ్మడు, చెక్కునే నమ్ముతాడు. పైగా సైన్యం అడిగిన వయసు, చదువు అర్హతలు వీళ్లలో చాలామందికి లేవు.

ఎన్నికలు ఎలా జరిగాయి?

2007 జూన్ అనుకున్నవి నవంబరుకు, అక్కడి నుంచి 2008 ఏప్రిల్ 10కి జరిగాయి. 601 సీట్ల రాజ్యాంగ సభలో 240 నియోజకవర్గాల నుంచి, 335 పార్టీ జాబితాల దామాషాలో, 26 నామినేషన్‌పై. జాబితాల్లో సగం మంది మహిళలుండాలి. మధేశీలు (దక్షిణ మైదాన ప్రాంతంవాళ్లు) 31.2 శాతం, జనజాతులు (ఆదివాసీ తెగలు) 37.8, దళితులు 13, వెనుకబడ్డ ప్రాంతాలు 4, ఇతరులు 30.2. కూడితే 100 దాటుతుంది. ఒకే మనిషి రెండు వర్గాల్లో లెక్కకు రావచ్చు కాబట్టి అలా పెట్టారు. ఫలితంగా 197 మంది మహిళలు సభకు వచ్చారు.

మావోయిస్టులకు 220 సీట్లు వచ్చాయి. మే 28న తొలి సమావేశంలోనే రాచరికం రద్దయింది. ఆ సభ రాజ్యాంగం రాయకుండానే 2012లో రద్దయింది. 2013 నవంబరు 19 ఎన్నికల్లో మావోయిస్టులు 80 సీట్లతో మూడో స్థానానికి పడిపోయారు. మొదట మోసమని గోల చేశారు, తర్వాత సభకు వచ్చారు, మళ్లీ అడవికి వెళ్లలేదు. ప్రజాస్వామ్యానికి అసలు పరీక్ష వాళ్లు గెలిచిన 2008 కన్నా ఓడిన 2013 అనే మా అభిప్రాయం. 2015 సెప్టెంబరు 20న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది.

2004లో హైదరాబాద్ చర్చలు విఫలమై, నేపాల్‌లో చర్చలు ఫలించాయెందుకు?

2004 అక్టోబరు 15 నుంచి 18 వరకు హైదరాబాద్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మావోయిస్టు, జనశక్తి ప్రతినిధులతో కూర్చుంది. ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలోని పౌర స్పందన వేదిక ఏళ్ల తరబడి పడ్డ శ్రమ అందులో ఉంది. 2005 జనవరికల్లా అంతా చెదిరిపోయింది.

రెండు పెద్ద తేడాలున్నాయి. నేపాల్‌లో రాజు అనే మూడో పక్షం పార్టీలనూ మావోయిస్టులనూ ఒక వైపుకు నెట్టింది. ఇక్కడ అలాంటిది లేదు, ఒక రాష్ట్ర ప్రభుత్వం రాజ్యాంగం గురించి మాట్లాడనూ లేదు. రెండోది ఆయుధం. ఊళ్లలో తుపాకులతో తిరగకూడదని ప్రభుత్వం, ఆయుధం వదిలేది లేదని దళాలు. ఈ రెండు మాటల మధ్య కంటైనర్, తాళం, నమోదు పుస్తకం వంటి మూడో మార్గాన్ని ఎవరూ బల్ల మీద పెట్టలేదు. ఉల్లంఘన ఎవరు చేశారో తేల్చే, ఇరుపక్షాలూ ఒప్పుకున్న పర్యవేక్షణ బృందం లేదు. కాబట్టి ప్రతి ఎన్‌కౌంటర్‌కు, ప్రతి హత్యకు రెండు కథనాలే మిగిలాయి.

మందుపాతరలు తొలగించారా?

తొలగించారు. 30 రోజుల్లో ఎక్కడెక్కడ పాతారో ఒకరికొకరు చెప్పుకోవాలి, 60 రోజుల్లో తీసేయాలి అని ఒప్పందం. గడువు దాటింది గానీ పని పూర్తయింది. సైన్యం పాతిన 53 మందుపాతర క్షేత్రాలూ శుభ్రమయ్యాక 2011 జూన్‌లో నేపాల్‌ను మందుపాతర క్షేత్రాల్లేని దేశంగా ప్రకటించారు. సైన్యం దగ్గర మ్యాపులున్నాయి, అందుకే వీలైంది. ఇళ్లలో దాచిన, పొలాల్లో వదిలేసిన చేతి బాంబులు పిల్లలకు దొరికి పేలడం ఆ తర్వాతా జరిగింది.

అదృశ్యమైనవాళ్ల వివరాలు 60 రోజుల్లో చెబుతామన్నారు కదా?

అన్నారు. ఒప్పందంలో రాసి ఉంది. చెప్పలేదు. కంటైనర్‌కు సైరన్ ఉంది, ఈ షరతుకు లేదు. ఎవరు చెప్పాలి, ఎవరికి చెప్పాలి, చెప్పకపోతే ఏమవుతుంది అన్నవేవీ రాయలేదు. చెప్పాల్సినవాళ్లే నేరం చేసినవాళ్లు, రెండు పక్షాలూ అధికారాన్ని పంచుకున్నవాళ్లు. 2007 జూన్ 1న సుప్రీంకోర్టు కమిషన్ వేయమని, అదృశ్యాన్ని నేరంగా చేస్తూ చట్టం తెమ్మని ఆదేశించింది. సత్య నిరూపణ కమిషన్, అదృశ్యమైనవారి కమిషన్ ఏర్పడింది 2015 ఫిబ్రవరిలో. మొదటిదానికి 60 వేలకు పైగా, రెండోదానికి 3 వేలకు పైగా ఫిర్యాదులు అందాయి. పదేళ్లయినా ఒక్క కుటుంబానికీ పూర్తి సమాధానం రాలేదు.

భర్త చనిపోయాడని తేలనిదే భార్య వితంతువు కాదు. భూమి పేరు మార్చాలన్నా, బ్యాంకులో డబ్బు తీయాలన్నా మరణ పత్రం కావాలి. కర్మకాండ చేయాలంటే, చేస్తే ఆశ వదులుకున్నట్టే. కొందరు తల్లులు ఇప్పటికీ చేయలేదు.

అందరికీ క్షమాభిక్ష ఇచ్చేసి ముందుకు పోవచ్చు కదా?

యుద్ధంలో పాల్గొన్నందుకు క్షమాభిక్ష ఇవ్వచ్చు. యుద్ధం ముగిశాక వీలైనంత విస్తృతంగా ఇవ్వమని రెండో ప్రోటోకాల్ కూడా అంటుంది. ఖైదీని చంపినందుకు, మాయం చేసినందుకు, అత్యాచారం చేసినందుకు ఇవ్వకూడదు. నేపాల్ సుప్రీంకోర్టు 2014 జనవరిలో, మళ్లీ 2015 ఫిబ్రవరిలో ఈ మాటే చెప్పి, బాధితుల సమ్మతి లేని క్షమాభిక్షను కొట్టేసింది.

2024 ఆగస్టులో ఆ రెండు కమిషన్ల చట్టాన్ని సవరించారు. అత్యాచారం, ఇష్టారాజ్యపు హత్య, అదృశ్యం, క్రూర చిత్రహింసలను క్షమాభిక్ష నుంచి తప్పించారు. అయితే నిజం చెప్పి పశ్చాత్తాపపడ్డవారికి శిక్షలో 75 శాతం దాకా తగ్గించే వీలు కూడా అందులోనే పెట్టారు.

అత్యాచార బాధితులు అప్పుడే ఎందుకు ఫిర్యాదు చేయలేదని అడుగుతారు. ఏం జవాబు చెప్పాలి?

అప్పటి ములుకీ ఐన్, అంటే సివిల్, క్రిమినల్ చట్టాలు కలిసిన దేశ స్మృతి ప్రకారం, అత్యాచారం జరిగిన 35 రోజుల్లో ఫిర్యాదు చేయాలి. చేసింది బ్యారక్‌లోని సైనికుడైతే ఫిర్యాదు తీసుకోవాల్సింది ఆ బ్యారక్ పక్కనున్న పోలీస్ స్టేషన్. చేసింది మావోయిస్టు అయితే ఊళ్లో పోలీసే లేడు, ఉన్నది వాళ్ల ప్రజాకోర్టు. పైగా యుద్ధం తర్వాత ఇచ్చిన మధ్యంతర సాయం చనిపోయిన, అదృశ్యమైన, గాయపడ్డవారి కుటుంబాలకు అందింది గానీ, అత్యాచార, చిత్రహింసల బాధితులను ఆ జాబితాలోనే చేర్చలేదు. 2024 సవరణ వాళ్లకు కొత్తగా మూడు నెలల గడువిచ్చింది. అప్పటికి ఇరవై ఏళ్లు గడిచాయి. పెళ్లయి పిల్లలున్న మహిళ ఇంట్లో తెలియకుండా జిల్లా కేంద్రానికి వెళ్లి ఆ దరఖాస్తు నింపాలి. అందుకే అక్కడి మహిళా సంఘాలు పేరు బయటపడని, విడిగా తీసుకునే ఫిర్యాదు పద్ధతి కోసం పట్టుబడుతున్నాయి.